కంకి వేసేదాకా వాయిదా

మా మేనత్త జొన్న విత్తనం గురించి నేను చెప్పే మాటలు కొందరు నమ్మరు. వాళ్లనేమీ అనను. వాళ్లు ఆ కంకిని చూడలేదు. పచ్చజొన్న కంకి ఎక్కడైనా పిడికిలంత ఉంటుంది. మా అత్త చేలో కంకి మాత్రం పసివాడి తలకాయంత ఉండేదనీ, దాని బరువుకు దంటు వంగి దారిన పోయేవాళ్లకు దండం పెట్టేదనీ, చిలకలు ఒంటరిగా మోయలేక జతలు కట్టుకుని వచ్చేవనీ చెబుతుంటాను. అందులో సగమన్నా నిజం. ఏ సగమో నన్నడగొద్దు.

మొత్తం నిజమైన ముక్క ఒకటుంది. ఒక ఏడు వానలు ఎగ్గొట్టి, చుట్టుపక్కల చేలన్నీ నిలబడినచోటే ఎండిపోతే, మా అత్త చేను ఒక్కటే గింజ పట్టింది. అప్పటినుంచి ప్రతి ఏడూ కోతకు ముందు ఆమె ఒక్కతే చేలోకి దిగేది. కంకి మెడ పట్టుకుని అటు తిప్పీ ఇటు తిప్పీ, పిల్లనెంచుకోవడానికి వచ్చిన అత్తగారిలా పెదవి విరిచి, వందలో ఒకదాన్ని విత్తనానికి తీసేది. ఆ గింజల్ని బూడిదా వేపాకూ కలిపి కుండలో పోసి, మూతికి పేడ మెత్తేది. ఆ కుండ ఉన్న మూలకు మా ఇంటి పిల్లి కూడా అడగకుండా పోయేది కాదు.

మా మామ పోయాక ఆమెకు తోడుగా ఉండమని మావాళ్లు నన్ను పంపారు. అప్పటికి నాకు ఇరవై దాటాయి. ఉర్దూ మిడిల్ పరీక్ష తప్పడంలో మంచి అనుభవం సంపాదించాను. అత్త ఇల్లు గద్వాల దిక్కు, బీచుపల్లి రేవుకు దగ్గర. తాత ఆమెకు పసుపుకుంకాల కింద ఇచ్చిన చేను మాత్రం కృష్ణకు ఆవలి ఒడ్డున, వనపర్తి దిక్కు. ఆ ఒక్క చేనే ఆమె బతుకు. ఏటా రోహిణి కార్తె చివర విత్తనం మూట కట్టుకుని, పుట్టి ఎక్కి నది దాటి, మృగశిర వానకు విత్తేది. జర్మనీ యుద్ధం జరుగుతున్న రోజుల్లో ఒక ఏడు కూడా అలాగే బయల్దేరాం.

పుట్టిలో ఒక పద్ధతుంది. అది వెదురు అల్లి తోలు కప్పిన గుండ్రటి గంప. మనుషులు అంచు వెంబడి చుట్టూ కూర్చోవాలి. మూటలన్నీ నడుమ కుప్పగా పెట్టాలి. ఒళ్లో మూట పెట్టుకుంటే పుట్టి ఒరుగుతుందని పుట్టి నడిపే ఆయన కేకలేస్తాడు. పైగా అది తిన్నగా పోదు, బొంగరంలా తిరుగుతూ పోతుంది. ఎక్కినప్పుడు గద్వాల వైపు మొహం పెట్టి కూర్చున్నవాడు, తాను కదలకుండానే వనపర్తిని చూస్తాడు.

ఆ రోజు మాతోపాటు ఆవలి ఊరి పోలీసు పటేలు బామ్మర్ది ఎక్కాడు. ఆయన మీసాల నీడన ఒక కుటుంబం ఎండపూట కూర్చుని అన్నం తినొచ్చు. ఆయన చేతిలోనూ అచ్చం మా దానిలాంటిదే ఒక పాతకోక మూట ఉంది. దాన్నీ కుప్పలో పెట్టాడు.

‘‘ఏమమ్మా, గా విత్తనం మాకింత ఇయ్యరాదా? పోయినేడు గూడ అడిగితి’’ అన్నాడు.

‘‘కోతలైనంక రా అన్నా, చాటెడు ఇస్త. ఇప్పుడున్నయి నా చేనుకే సరిపోతయి’’ అంది అత్త.

‘‘కోతలైనంక నువ్వేడుంటవో, నేనేడుంటనో.’’

‘‘నేనైతే ఈడ్నే ఉంట. నీ సంగతి నాకు తెల్వదు.’’

అందరూ నవ్వారు. ఆయన మీసాలు మాత్రం నవ్వలేదు.

ఒడ్డు తగిలాక అందరూ ఎవరి మూట వాళ్లు అందుకుని దిగారు. అత్త చేను గట్టు మీద కూర్చుని మూట విప్పింది. లోపల ఎర్రజొన్నలు. సగం పురుగు తిన్నవి. ఆమె ఒక గింజ నోట్లో వేసుకుని కొరికి ఉమ్మేసింది.

‘‘గిది నాది గాదు అల్లుడా’’ అంది. అరవలేదు, ఏడవలేదు. మూట మళ్లీ ముడేసి లేచింది.

మేము పరుగున రేవుకు వెళితే, పుట్టి ఆయన తన పుట్టిని బోర్లించి దాని కింద నీడన పడుకుని ఉన్నాడు. సంగతి చెప్పగానే లేచి కూర్చున్నాడు. ‘‘మూట మారిందా? నది నడుమ ఆయన కాలుతోని ఒక మూటను దగ్గరికి లాక్కొనుడు నేను జూసిన. దిగేటప్పుడు గదే ఎత్తుకున్నడు. ఆయనదే అనుకుంటి గదమ్మా!’’

పటేలు బామ్మర్ది ఇంటికి పోయాం. ఆయన గడప మీద నిలబడి, ‘‘నీ మూట నీకుంది, నా మూట నాకుంది. ఇంక ఏంది పంచాయితీ?’’ అని తలుపేసుకున్నాడు.

అక్కడినుంచి మొదలైంది మా యాత్ర. కాశీ పోయినవాళ్లు కూడా అన్ని గడపలు తొక్కి ఉండరు.

ఆ ఒడ్డు ఠాణా అమీను సాబ్ గురించి ముందు చెప్పాలి. ఆయన మనిషి కాదు, ఒక తాలూకా. ఆయన కుర్చీలోంచి లేస్తే కుర్చీ కూడా కొంతదూరం వెంట వచ్చేది. అత్త చెప్పిందంతా కళ్లు మూసుకుని విన్నాడు.

‘‘జొన్నలు పోయినయి. జొన్నలు దొరికినయి. గింజకు గింజ వచ్చె గద, ఇంక దొంగతనమేడిది?’’

‘‘అవి వేరు సాబ్, ఇవి వేరు. అవి విత్తనాలు.’’

‘‘రొట్టె జేస్తే రెండూ రొట్టెలే అయితయి.’’ ఆయన ఒక కన్ను తెరిచాడు. ‘‘అయినా నేరం ఏడ జరిగింది? నది నడుమ. నది నా ఇలాకా గాదు. నా హద్దుల మౌకా చూపియ్యి, రాస్త. నేరం జరిగిన జాగ లేకుండ నేనేం రాయాలె? నీళ్ల మీద రాయాల్నా?’’

మేము మళ్లీ నది దాటి ఈ ఒడ్డు ఠాణాకు వచ్చాం. ఈ ఒడ్డు అమీను మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు, మంచినీళ్లు ఇప్పించాడు, ఎండ గురించి కాసేపు మాట్లాడాడు. ఆ తర్వాత, ‘‘మూట పోయింది ఆ ఒడ్డున గదమ్మా. ఆడ్నే చెప్పుకోవాలె’’ అన్నాడు. కృష్ణానది ఎవరి హద్దులోనూ లేదని ఆ రోజు మాకు తెలిసింది. అంత పెద్ద నది గద్వాల, వనపర్తి రెండు సంస్థానాల నడుమ దిక్కులేనిదై పారుతోందంటే నాకు దాని మీద జాలేసింది.

పోలీసు పెద్దసాబు దౌరా తిరుగుతూ నాగర్‌కర్నూలులో డేరా వేశాడని ఎవరో చెబితే బండి కట్టుకుని అక్కడికీ పోయాం. ఆయన డేరా ముందు మాలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారంటే, ఆ వేడికి డేరా తాళ్లు సాగి జారిపోయాయి. నేను ఉర్దూలో రాసిన దరఖాస్తును ఆయన చదివాడు. అందులో తప్పులకు ఒకసారి నవ్వాడు కూడా. అడుగున ఎర్రసిరాతో ఒక ముక్క రాసి జవానుకు ఇచ్చాడు. మాకు సంబరం ఆగలేదు. తీరా కనుక్కుంటే, ‘‘అమీను విచారించి తెలుపవలెను’’ అని రాశాడట. ఏ అమీను? ఆ కుర్చీ అమీనే! మా దరఖాస్తు మాకన్నా ముందే ఆయన బల్లమీదికి చేరింది. ఆయన దాన్ని విసనకర్రగా వాడుతుంటే నా కళ్లతో చూశాను.

‘‘పెద్దసాబు దాకా పోతివా అమ్మా? విచారిస్తున్న. విచారం చాన ఉంది’’ అని విసురుకున్నాడు.

ఈలోగా పడమట మబ్బు పట్టడం మొదలైంది. అత్త రోజూ ఆకాశం వైపు చూసేది. మామూలుగా వాన కోసం చూసేవాళ్ల చూపు కాదు అది. ఇంకొక్క నాలుగు దినాలు ఆగమని మొక్కే చూపు. ‘‘వానొస్తే వాడు విత్తుకుంటడు అల్లుడా. మట్టిల పడ్డంక గింజను ఎవడు తీసిస్తడు? నా దగ్గెర ఇంకో గింజ గూడ లేదు’’ అంది.

వనపర్తి కచేరి ముందు వేపచెట్టు కింద అర్జీలు రాసే ముసలాయన ఒకడుండేవాడు. ఆయన కళ్లద్దాలకు ఒక కాడ లేదు, దాని బదులు దారం చెవికి చుట్టి ఉండేది. చివరి ప్రయత్నంగా ఆయన దగ్గర కూర్చున్నాం. ఆయన మా కథంతా విని, కలం చెవిలో పెట్టుకున్నాడు.

‘‘అమీను రాసుకోకుంటే ఏమాయె? మేజిస్ట్రేటు సాబ్ రాసుకుంటడు. నేరుగ ఆయన ముంగట నిలబడి, ప్రమాణం జేసి చెప్పుకోవచ్చు. దాన్ని ఇస్తిగాసా అంటరు. దానికి ఠాణా అక్కర్లేదు, అమీను దస్కతు అక్కర్లేదు.’’

అత్త ఆయన ముందుకు జరిగి కూర్చుంది. ‘‘ఠాణా ఒప్పకున్నా చెప్పుకోవచ్చునా?’’

‘‘చెప్పుకోవచ్చు.’’

‘‘నాలాంటి ఆడమనిషి?’’

‘‘ఎవరైనా. అమీను సుత ఎవరి మీదన్న చెప్పుకోవాలంటే గా తొవ్వల రావొచ్చు.’’

‘‘గీ మాట ఇన్ని దినాలు ఎవ్వరు చెప్పకపోతిరి?’’

‘‘అందరు మీసాలను జూసి ఇంటికి పోతరమ్మా. ఈడిదాకా వచ్చి అడిగితె గద నేను చెప్పేది. సాక్షి ఉన్నడా?’’

సాక్షి ఉన్నాడు. కానీ పుట్టి నడిపే ఆయన తన పుట్టిని వదిలి రాడు. ఎవరు పిలిచినా రాడు. వాళ్ల పని తీరే అంత. ఎండలో వదిలేస్తే తోలు పగులుతుంది, నీళ్లలో వదిలేస్తే కొట్టుకుపోతుంది, ఒడ్డున వదిలేస్తే ఎవరో ఎత్తుకుపోతారు. పొద్దున అది ఆయన బండి, మధ్యాహ్నం నీడ, రాత్రి ఇల్లు. ‘‘నేనొస్తే నా పుట్టి గూడ వస్తది’’ అన్నాడు. ‘‘వస్తే రానీ’’ అంది అత్త.

అలా మేము పుట్టిని బండి మీద బోర్లించి వనపర్తికి బయల్దేరాం. నేను జీవితంలో ఎన్నో ఊరేగింపులు చూశాను. అంత గొప్పది చూడలేదు. దూరం నుంచి చూసినవాళ్లకు ఎద్దులు కొండను లాగుతున్నట్టు కనిపించింది. ఊరూరా జనం బయటికొచ్చారు. ‘‘ఏందది?’’ అని అడిగిన ప్రతివాడికీ పుట్టి ఆయన, ‘‘మౌకా. నేరం జరిగిన జాగ. కచేరికి తీస్కపోతున్నం’’ అని చెబుతూ వచ్చాడు. మా నోట విన్న అమీను మాట ఆయన గుండెల్లో అలా నాటుకుపోయింది. వనపర్తి చేరేసరికి మా వెనక ఉన్న జనంతో ఇంకో సంస్థానం పెట్టొచ్చు.

మేజిస్ట్రేటు సాబ్ సన్నటి మనిషి. అంత సన్నటి మనిషిలో అంత అధికారం ఎక్కడ పట్టిందా అని నేను ఆశ్చర్యపోయాను. ఆయన అత్తను ముందుకు పిలిపించి, పరమేశ్వరుణ్ణి హాజరు నాజరుగా, ఎదుటే ఉండి చూస్తున్నట్టుగా తలచుకుని నిజం చెబుతానని ప్రమాణం చేయించారు. తరువాత ఉర్దూలో ఒక మాట అన్నారు. నేను దాన్ని తెలుగులో చెప్పాను:

‘‘మొదటినుంచి చెప్పమంటున్నరు అత్తా. తొందర లేదంట.’’

ఆ క్షణం నాకు ఇప్పటికీ మరుపు రాదు. ఇన్నాళ్లుగా ఆమె చెప్పబోతే అందరూ చేయి అడ్డం పెట్టారు. ఇప్పుడు మేజిస్ట్రేటు, అంటే సాక్షాత్తూ హాకిం, కలం పట్టుకుని ఆమె నోటివంక చూస్తూ కూర్చున్నారు. ఆమె చెప్పింది. ఎండిన ఏడు గురించి చెప్పింది, కుండ గురించి చెప్పింది, పుట్టిలో పడ్డ మాటలు చెప్పింది. నేను మార్చి చెబుతుంటే ఆయన ప్రతి ముక్కా తన చేత్తో రాసుకున్నారు. మా అత్త మాట కాగితం మీద సర్కారు మాటగా మారుతుంటే, గుళ్లో తెర తీసినప్పటిలా చేతులు జోడించాలనిపించింది. నిజానికి జోడించాను కూడా. చప్రాసీ కసిరాడు.

సాక్షి వంతు వచ్చింది. ‘‘ఎక్కడ జరిగింది?’’ అని అడిగారు.

‘‘బయట ఉంది హుజూర్.’’

‘‘ఏమిటి ఉంది?’’

‘‘జరిగిన జాగ.’’

మేజిస్ట్రేటు సాబ్ కలం కింద పెట్టి బయటికి వచ్చారు. కచేరి ముంగిట్లో దించిన పుట్టి వెల్లకిలా పడి ఉన్న పెద్ద చిప్పలా ఉంది. ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగారు. అత్తను, పుట్టి ఆయనను, నన్ను అందులో ఆ రోజు కూర్చున్నట్టే కూర్చోమన్నారు. మీసాల ఆయన జాగాలో చప్రాసీని కూర్చోబెట్టారు. నడుమ మూటల బదులు కచేరి ఫైళ్ల కట్టలు పెట్టించారు. పుట్టి ఆయన చూపించినట్టే చప్రాసీ కాలు చాపి ఒక కట్టను దగ్గరికి లాక్కున్నాడు. చూస్తున్న జనం ‘‘ఓహో’’ అన్నారు.

‘‘అప్పుడు పుట్టి ఏ ఒడ్డుకు దగ్గరగా ఉంది?’’

‘‘నడుమ హుజూర్. తిరుగుతుండె. గీ ఒడ్డంటే అబద్ధం, గా ఒడ్డంటే అబద్ధం.’’

హాకిం నవ్వలేదు. లోపలికి పోయి, బల్ల మీది లావాటి పుస్తకం తిప్పి, చెప్పారు: దారిలో ఉండగా జరిగిన నేరాన్ని, ఆ ప్రయాణం ఏయే హద్దుల గుండా సాగిందో ఆ హద్దుల్లోని ఏ కోర్టైనా వినవచ్చు. నది ఎవరిదన్న ప్రశ్నే లేదు. పుట్టి ఎక్కడినుంచి ఎక్కడికి పోయిందన్నదే ప్రశ్న.

అమ్మ బాబో! రెండు ఠాణాలు, ఒక డేరా కలిసి కదిలించలేని నదిని ఆయన ఒక్క మాటతో పక్కకు తప్పించారు. ఎప్పుడో ఎక్కడో ఎవరో కూర్చుని, ఏదో ఒకనాడు ఒక ఆడమనిషి మూట నడిదారిలో పోతుందని ముందే ఆలోచించి రాసిపెట్టారా? నాకు ఆ పుస్తకం వంక చూస్తే భయం, భక్తీ రెండూ కలిగాయి.

వెంటనే సోదా చేయమని హుకుం పోయింది. ఎవరి పేరున? ఆ కుర్చీ అమీను పేరునే! విసనకర్రకు ఇప్పుడు సర్కారు మొహరు పడింది. ఆయన ఆ మధ్యాహ్నమే లేచాడు. కుర్చీ వెంట రాలేదు.

కానీ అంతకుముందు రోజే వాన పడింది.

సోదాలో మూట కట్టిన అత్త పాత కోక గుడ్డ దొరికింది. దాని మూలన బూడిద అంటిన పచ్చజొన్నలు ఒక పిడికెడు. మిగతాదంతా ఇంటెనక చేలో నాగలిసాళ్లలో ఉంది. అమీను చేను గట్టు మీద నిలబడి, ‘‘దీన్నెట్ల జప్తు జేయాలె?’’ అని చెమట తుడుచుకున్నాడు. అత్త వంగి తడిమట్టిని అరచేత్తో తాకింది. ఆమె కళ్లలో నీళ్లు అప్పుడే మొదటిసారి చూశాను.

మళ్లీ కచేరికి. మీసాల ఆయన వకీలును పెట్టుకున్నాడు. మట్టిలో ఉన్న గింజ ఎవరిదని ఎవరు చెప్పగలరని వకీలు వాదించాడు. హాకిం అత్తను అడిగారు: ‘‘నీ గింజను నువ్వు గుర్తుపట్టగలవా?’’

‘‘గింజను గాదు, కంకిని జూపియ్యుండ్రి. ఊరు ఊరంతా గుర్తుపడ్తది’’ అంది.

ఆయన కలం అందుకుని రాశారు. దొరికిన పిడికెడు గింజలకు లక్కముద్ర వేసి కోర్టులో ఉంచాలి. విత్తిన చేను కేసు సొత్తు. దానికి ఏ నష్టం జరిగినా అమీను జవాబుదారీ. కంకి వేసేదాకా వాయిదా.

కోర్టులు వారానికి, నెలకు వాయిదా వేస్తాయని విన్నాను. పైరుకు వాయిదా వేసిన కోర్టును అప్పుడే చూశాను.

ఆ ఏడు మా చేలో ఉలవలు చల్లాం. వేరే విత్తనం లేదు. ఉలవ గుగ్గిళ్లు, ఉలవ చారు, మళ్లీ ఉలవ గుగ్గిళ్లు. దీపావళి నాటికి నేను మాట్లాడబోతే సకిలింపు వచ్చేది. అవతల కేసు సొత్తు మాత్రం రాజవైభోగంతో పెరిగింది. అమీను దానికి ఒక జవానును కాపలా పెట్టాడు. గింజ పాలుపోసుకునే వేళకు చిలకలు దిగాయి. కేసు సొత్తులో ఒక్క గింజ తగ్గినా సంజాయిషీ రాయాలి. అందుకని జవాను మంచె ఎక్కి, తలపాగా తీసి నడుముకు కట్టుకుని, వడిసెల తిప్పుతూ ‘‘హోయ్ హోయ్’’ అని అరిచేవాడు. ఆ అరుపు నది దాటి మాకు వినిపించేది. అత్త పోయినప్పుడల్లా అతనికి మజ్జిగ తీసుకుపోయేది.

‘‘ఏం తమ్మీ, ఎట్లుంది కొలువు?’’

‘‘అవ్వా, దొంగలను పట్టుడు సులువు. చిలకలు చెప్తె ఇనయి.’’

ఒకరోజు అమీను తనంతట తానే వచ్చి మంచె కింద నిలబడి ఉండగా చూశాను. చేతిలో కర్ర, కళ్లు ఆకాశం మీద. దరఖాస్తు రాసుకోనన్న మనిషి చిలకల్ని తోలుతున్నాడు. ఇంత చూశాక ఇంకేం చూడాలని నాకు అనిపించింది.

కంకి వేసింది. పక్కచేలన్నీ నిటారుగా నిలబడి ఉంటే, ఆ ఒక్క చేను మాత్రం బరువుకు మెడలు వంచి పచ్చగా మెరిసింది. కోర్టు తరఫున వచ్చినవాళ్లు నాలుగు కంకులు కోసుకుపోయారు. లక్కముద్ర విప్పి ఆ పిడికెడు గింజలతో పక్కపక్కన పెడితే వకీలు కూడా తన కాగితాలు కట్టేసుకున్నాడు. మీసాల ఆయన తల దించుకున్నాడు. ఆయనకు కొన్నాళ్లు జైలులో సర్కారు రొట్టె రాసిపెట్టారు.

‘‘చేను సంగతి ఏమంటావు?’’ అని హాకిం అత్తను అడిగారు.

‘‘దున్నింది వాళ్ల ఎడ్లు, కలుపు తీసింది వాళ్ల ఆడోళ్లు. గా కష్టం నాకొద్దు. నా మూటెడు విత్తనం నేనే ఏరుకుంట. మిగిలింది ఆ ఇంటి పిల్లలు తిననీ.’’

నేను ఉర్దూలో చెప్పాను. హాకిం కలం ఆపి ఆమెను చూశారు. విత్తనాన్ని అమీను స్వయంగా ఆమె ఇంటికి చేర్చి, వేలిముద్ర వేయించుకుని రావాలని రాశారు.

అత్త ఒక రోజంతా ఆ చేలో తిరిగి, మెడలు పట్టుకుని ఎంచి ఎంచి కంకులు తీసింది. అమీను గంప పట్టుకుని వెనక నడిచాడు.

సాయంత్రం పుట్టి ఎక్కాం. అత్త మూటను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పుట్టి ఆయన తెడ్డు ఆపాడు.

‘‘అమ్మా, మూట నడుమ పెట్టు. పుట్టి ఒరుగుతది.’’

‘‘పెట్ట.’’

‘‘పద్ధతి గదమ్మా.’’

అత్త మూట చుట్టూ చేతులు ఇంకా బిగించింది. ఆ తరువాత ఎదురుగా, ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డ అమీను వంక చూసింది.

‘‘సాబ్‌ను గా దిక్కు అంచున కూసోమను. సరిపోతది.’’

అమీను సాబ్ ఆమె చూపించిన చోట కూర్చున్నాడు. పుట్టి ఒక్కసారి ఊగి, నిలిచి, మెల్లగా తిరుగుతూ నది నడుమకు సాగింది.